నిద్రలో వచ్చే ఫిట్స్ గాలి కాదు, దాని వెనక వందేళ్ల చరిత్ర ఉంది

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన తండాల్లో, గూడేల్లో పగలు ఫిట్స్ వస్తే మూర్ఛ అంటారు. అదే అర్ధరాత్రి నిద్రలో వస్తే గాలి సోకిందంటారు. మా తండాలో ఒక అక్కకి ఎనిమిదో తరగతిలో రాత్రిళ్లు ఇలాగే వచ్చేవి. తాయత్తులు కట్టించారు, బడి మాన్పించారు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి మూడేళ్లు గడిచిపోయాయి. ఇంతకీ రాత్రే ఎందుకు వస్తాయి? ఈ ప్రశ్న పట్టుకుని నరసరావుపేటలో హాస్టల్లో కూర్చుని చదివితే తెలిసింది, పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చాలా కాలం దీని దగ్గరే ఆగారని.

జబ్బు మెదడులోనే ఉందన్న మాట కొత్తది కాదు. సుమారు 2,400 ఏళ్ల కిందటే గ్రీసులో హిప్పోక్రటీస్ సంప్రదాయం వైద్యులు ఇది దేవుడి శాపం కాదు, మెదడు జబ్బు అని రాశారు. మన చరక సంహితలో దీని పేరు అపస్మారం, అంటే జ్ఞాపకం తప్పిపోవడం. 1885లో ఇంగ్లండ్‌లో గోవర్స్ అనే డాక్టరు తన రోగులను లెక్క పెట్టి చూస్తే కొందరికి పగలే వస్తున్నాయి, కొందరికి రాత్రే. లెక్కయితే తేలింది గానీ కారణం దొరకలేదు.

1912లో జర్మనీలో ఇంకో సంగతి జరిగింది, నాకు బాగా నచ్చింది ఇదే. హాప్ట్‌మన్ అనే కుర్ర డాక్టరు మూర్ఛ రోగుల వార్డు పైనే ఉండేవాడట. రాత్రంతా రోగులు ఫిట్స్ వచ్చి మంచాల మీంచి పడుతుంటే ఆయనకి నిద్ర ఉండేది కాదు. వాళ్లు పడుకుంటారు కదా అని ఫినోబార్బిటాల్ అనే కొత్త నిద్రమాత్ర ఇచ్చాడు. రాత్రి ఫిట్సే కాదు, పగటి ఫిట్స్ కూడా తగ్గాయి! చవకగా దొరికే ఆ మందు ఇప్పటికీ వాడుతున్నారు.

తర్వాత మెదడు కరెంటుని చూడటం మొదలైంది. 1924లో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి తల మీంచి ఆ కరెంటుని గీతలుగా తీశాడు. ఐదేళ్లు ఎవరికీ చెప్పకుండా ఉంచి 1929లో బయటపెట్టాడు. అదే ఇప్పటి ఈఈజీ. 1937లో లూమిస్ బృందం నిద్రలో ఆ గీతలు దశలు దశలుగా మారతాయని చూపించింది. 1947లో గిబ్స్ దంపతులు అసలు సంగతి తేల్చారు: మెలకువలో మామూలుగా కనిపించిన ఈఈజీలో కూడా రోగి నిద్రపోతే మూర్ఛ గుర్తులు బయటపడుతున్నాయి. కొందరికి ముందురోజు రాత్రి నిద్ర మానేసి రమ్మని డాక్టరు చెప్పేది అందుకే. మన పెద్దోళ్లు 'ఇదేం వైద్యం' అంటారు గానీ, పరీక్ష జరిగేటప్పుడు రోగికి నిద్ర పట్టాలి కదా.

మరి నిద్రలో మెదడుకి ఏమవుతుంది? 1995లో అమెరికాలో చదువుకుంటున్న మన దేశపు విద్యార్థి భరత్ బిశ్వాల్, మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నా మెదడు భాగాలు ఒకదానితో ఒకటి కలిసి ఊగుతుంటాయని స్కానింగ్‌లో చూపించాడు. దీన్నే కనెక్టివిటీ అంటారు. 2005లో మసిమినీ బృందం మెదడులో ఒకచోట అయస్కాంతంతో చిన్న కుదుపు ఇచ్చి చూసింది. మెలకువలో ఆ కుదుపు దూరపు భాగాలకీ పాకింది. గాఢనిద్రలో అక్కడికక్కడే ఆగిపోయింది.

మన భాషలో చెప్పాలంటే, మెలకువలో తండాలన్నీ ఫోన్లలో మాట్లాడుకుంటుంటాయి, ఎవరి మాట వాళ్లది. గాఢనిద్రలో తండాల మధ్య ఫోన్లు తగ్గిపోతాయి గానీ, ఒక్కో తండాలో అందరూ ఒకే డప్పుకి అడుగేస్తారు. అలాంటప్పుడు ఒక్కడు దరువు తప్పినా చుట్టుపక్కల వాళ్లందరినీ లాగేస్తాడు. మూర్ఛ గుర్తులు గాఢనిద్రలో పెరిగి, కలలొచ్చే నిద్రలో తగ్గుతాయి. మెదడు ముందు భాగం నుంచి వచ్చే ఫిట్స్ ఎక్కువగా నిద్రలోనే పుడతాయి. ఆపరేషన్‌కి ముందు మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టిన రోగుల్లో మెలకువ అల్లికనీ నిద్ర అల్లికనీ పోల్చి చూస్తున్నది ఫిట్స్ పుట్టే చోటు పట్టుకోవడానికే.

మన దేశంలో ఈ దారి 1949లో వెల్లూరు సీఎంసీలో జాకబ్ చాందీతో మొదలైంది. చట్టం మాత్రం బాగా వెనకబడింది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉంటే పెళ్లికి అడ్డు అన్న మాట 1999లో గానీ తీసెయ్యలేదు. సెక్షన్ 2(2) ప్రకారం ఆ చట్టం ఎస్టీలకు నేరుగా వర్తించదు. అయినా మన పంచాయితీల్లో ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది, అదే నాకు కోపం.

హాస్టళ్లలో ఉన్నవాళ్లకి ఒక మాట. నిద్ర తక్కువైతే ఫిట్స్ ఎక్కువవుతాయి కాబట్టి, మందులు వాడే తమ్ముడిని పరీక్షల ముందు రాత్రంతా మేలుకోనివ్వొద్దు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో ఏదైనా కుక్కడం చెయ్యకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. ఇంకొకరు ఉంటే ఫోన్లో వీడియో తియ్యండి. రాత్రి వచ్చిన ఫిట్స్ ఎలా మొదలైందో రోగికి గుర్తుండదు, గుంటూరు జీజీహెచ్‌లో న్యూరాలజీ డాక్టరు మొదట అడిగేది అదే.