పగటి గాలం, రాత్రి గాలం: నీటి మీద మన చరిత్ర

'జల్, జంగల్, జమీన్' అన్న మాట వినగానే మనకు కుమ్రం భీం గుర్తుకొస్తాడు. 1940లో జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగాడు. ఆ మూడు మాటల్లో జంగల్ గురించి, జమీన్ గురించి మనం చాలా రాసుకున్నాం. మొదటి మాట జల్. దాని గురించి రాసుకున్నది తక్కువ. అందుకే ఈ వ్యాసంలో నీటికి సంబంధించిన ఒక చిన్న విషయాన్ని తీసుకున్నాం. అది గాలం, దానికి గుచ్చే ఎర.

మేము పుట్టింది గోదావరిలో కలిసే ఒక వాగు ఒడ్డున, కోయగూడెంలో. ఇప్పుడు పాఠాలు చెప్పేది సిద్దిపేటలో. ఇక్కడ పెద్ద నది లేదు. కూడవెల్లి వాగు, ఊరూరికీ చెరువు, ఇవే ఆధారం. 2020లో రంగనాయకసాగర్‌కు గోదావరి నీళ్ళు వచ్చాయి. మా వెనకే మా నది కూడా వచ్చినట్టు అనిపించింది. ఆదివారాలు చెరువుకట్టల మీద గాలాలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తుంటారు. ఒకరోజు మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, పగలంతా కూర్చున్నా పడని వాలుగ రాత్రి ఎందుకు పడుతది?"

ఈ ప్రశ్నకు జవాబు మేము ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా తాత దగ్గర విన్నాం. "కంటితో తినే చేపకు పగటి గాలం, మీసంతో తినే చేపకు రాత్రి గాలం" అనేవాడు ఆయన. పరకలు వెలుతురులో ఎరను చూసి వస్తాయి. కొర్రమీను కూడా చూసి వేటాడేదే. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ ఒడ్డు గడ్డిలోకి వస్తుంది. వాలుగ, జెల్ల, మార్పు చేపలు అట్లా కాదు. పగలు మడుగు అడుగున, బండల సందున, వేర్ల కింద దాక్కుంటాయి. చీకటి పడ్డాక లోతు తక్కువ ఉన్న చోటికి మేతకు వస్తాయి. వాటి మీసాలకు రుచి తెలుస్తుంది. కన్ను పనిచేయని చోట మీసం దారి చూపుతుంది. వానలకు వాగు ఎర్రగా పారినప్పుడు తాత పట్టపగలే రాత్రి గాలం వేసేవాడు. బురదనీటిలో చేపకు పగలూ చీకటే కదా.

ఎరలో కూడా ఇదే లెక్క. పగటి గాలానికి మిడత, జొన్నపిండి ముద్ద, తొలకరిలో లేచే ఉసిళ్ళు వాడేవారు. ఇవి కంటికి కనిపించే ఎరలు. రాత్రి గాలానికి లావు ఎర్రలు, కోడి పేగులు. ఇవి నీటిలో వాసన వదిలే ఎరలు. కొర్రమీనుకు చిన్న కప్పపిల్లను గుచ్చి, నీటి మీద కదిలేట్టు ఆడించేవారు. ఒక కట్టుబాటు కూడా ఉండేది. ఎర్రటి పిల్లల గుంపును వెంటేసుకుని తిరిగే కొర్రమీను జోలికి పోవద్దు. తల్లిదండ్రులు పోతే ఆ పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి. వచ్చే ఏడు మడుగు ఖాళీ అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం మరొకటి. గాలం వేసే ముందే ఆ చోట మేత చల్లాలి. రెండు మూడు రోజులు సాయంత్రం పూట ఒకే చోట తవుడు ముద్దలు వేస్తే, చేపలు ఆ చోటికి అలవాటు పడతాయి. ఇది మా గూడెం వాళ్ళ తెలివి అనుకునేవాళ్ళం. తర్వాత పుస్తకాల్లో చూసి ఆశ్చర్యపోయాం. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1126 నుంచి 1138 వరకు ఏలాడు. అప్పట్లో తెలంగాణలో ఎక్కువ భాగం ఆ వంశం ఏలుబడిలోనే ఉండేది. ఆయన సంస్కృతంలో రాసిన 'మానసోల్లాసం'లో గాలంతో చేపలు పట్టడం గురించి ఒక భాగం ఉంది. చేపల రకాలు, వాటికి ముందుగా మేత పెట్టి మరపడం, గాలపు కర్ర, దారం అన్నీ అందులో ఉన్నాయి. దాని పేరు మత్స్యవినోదం. అయిదు వందల ఏళ్ళ తర్వాత, 1653లో, ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ గాలం వేట మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అక్కడి నదుల్లో బార్బెల్ అనే మీసాల చేప ఉంటుంది. మన పరకలూ అదే కుటుంబానికి చెందినవి. ఆ చేపను పట్టాలంటే ముందు రాత్రే ఆ చోట వానపాముల ముక్కలు చల్లాలని వాల్టన్ రాశాడు. పగలా, రాత్రా అని అక్కడివాళ్ళు ఈనాటికీ వాదించుకుంటారు.

రాజు రాసిందీ, ఇంగ్లండువాడు రాసిందీ, మా తాత చెప్పిందీ ఒకటే విద్య. తేడా ఒక్కటే. రాజుకు అది వినోదం. మనకు అది రాత్రి కూడు. వినోదం పుస్తకంలోకి ఎక్కింది, కూడు ఎక్కలేదు. రాజుకు ఏ మడుగులో ఏ చేప ఉంటుందో చూపించిన చేతులు ఎవరివో ఊహించడం కష్టం కాదు.

రాతలోకి ఎక్కకపోతే ఏమైంది అని యువకులు అడగవచ్చు. 1897లో బ్రిటిష్ పాలకులు చేపల చట్టం తెచ్చారు. నీటిలో మందుగుండు పేల్చడాన్ని ఒక సెక్షన్‌లో, విషం కలపడాన్ని ఆ పక్క సెక్షన్‌లో నేరం చేశారు. మందుగుండును ఆపడం మంచిదే. నీటిని కాపాడే కట్టుబాట్లు అప్పటికే గూడేల్లో ఉన్నాయన్న సంగతి మాత్రం చట్టం రాసినవాళ్ళు పట్టించుకోలేదు. అవి ఏ కాగితం మీదా లేవు. ఈనాడు కొందరు బ్యాటరీ కరెంటు పెట్టి చేపలు పడుతున్నారు. ఆ దెబ్బకు పిల్లా తల్లీ కలిసే పోతాయి. తాతల కట్టుబాటు తెలిసిన పిల్లవాడు ఆ పని చేయడు.

ఇప్పుడు అసలు విషయం. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ అడవిలో బతికే సముదాయాలకు చేపల మీద, నీటి వనరుల ఇతర ఉత్పత్తుల మీద హక్కును గుర్తించింది. 2008లో వచ్చిన నియమాల ప్రకారం, సామూహిక హక్కు కోరేటప్పుడు సంప్రదాయంగా చేపలు పట్టే చోట్లను సాక్ష్యంగా చూపవచ్చు. పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. అంటే ఏ మడుగులో రాత్రి గాలం వేసేవారు, ఏ నెలలో, ఏ ఎరతో అన్నది ఉబుసుపోక చెప్పుకునే కబురు కాదు. ఆ నీటితో మన సంబంధానికి అది రుజువు. ఆ మాట చెప్పగల ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మా తాత చెప్పినప్పుడు మేము రాసుకోలేదు. ఆయన పేర్లు పెట్టి పిలిచిన మడుగుల్లో సగం పేర్లు ఇప్పుడు మాకు గుర్తు లేవు.

కాబట్టి తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. సెలవులకు ఇంటికి పోయే ప్రతి పిల్లవాడికీ ఒక నోటుబుక్కు ఇవ్వండి. మడుగు పేరు, చేప పేరు, పగలా రాత్రా, ఎర ఏమిటి, ఎప్పుడు పట్టకూడదు, చెప్పినవారి పేరు, వయసు. ఈ ఏడు గడులు చాలు. చేపల పేర్లు కోయలో, గోండిలో, లంబాడీలో, ఇంట్లో ఎట్లా పిలిస్తే అట్లాగే రాయించండి. ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడు దసరా సెలవుల తర్వాత నాలుగు పేజీలు నింపుకొచ్చాడు. మొదటి పేజీలో వాళ్ళ నాయనమ్మ పేరుంది. రాత్రి గాలం సంగతులన్నీ ఆమే చెప్పిందట.