అన్బీఖ్ నుండి సౌర బట్టీ వరకు

శుభకార్యాలలో అతిథులపై చిలకరించే పన్నీటికీ, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రానికీ మూలసూత్రం ఒక్కటే. వేడికి నీరు ఆవిరవుతుంది. ఉప్పు అడుగున ఉండిపోతుంది. ఆవిరి చల్లబడి తిరిగి నీరవుతుంది. దీనినే స్వేదనం అంటారు. సముద్రపు నీటి ఆవిరి చల్లబడితే తియ్యని నీరే వస్తుందని అరిస్టాటిల్ క్రీస్తుకు పూర్వమే గమనించాడు.

స్వేదన పాత్రను మొదట కనుగొన్నది ముస్లింలేనని కొందరు వ్రాస్తుంటారు. ఇది సరికాదు. అలెగ్జాండ్రియా గ్రీకు రసవాదులకు ఆ పాత్ర తెలుసు. 'అన్బీఖ్' అన్న అరబీ మాట కూడా గ్రీకు నుండి వచ్చినదే. ముస్లిం శాస్త్రజ్ఞుల ఘనత వేరే చోట ఉంది. రహస్య విద్యగా ఉన్నదానిని వారు క్రమబద్ధమైన పనిగా మార్చారు. తొమ్మిదవ శతాబ్దంలో అల్ కిందీ సుగంధ ద్రవ్యాల తయారీపై గ్రంథం వ్రాశాడు. క్రీ.శ. 925 ప్రాంతంలో మరణించిన అల్ రాజీ తన 'కితాబుల్ అస్రార్'లో ప్రయోగశాల పరికరాలను ఒక్కొక్కటిగా వర్ణించాడు. క్రీ.శ. 984 ప్రాంతంలో ఇబ్ను సహ్ల్, ఆ తరువాత ఇబ్నుల్ హైసమ్ సూర్యకిరణాలను ఒకచోట కేంద్రీకరించే దర్పణాల గణితాన్ని పరిశోధించారు.

ఈ రెండు విద్యలూ ఎప్పుడైనా కలిశాయా? అరబ్బు రసవాదులు డమాస్కస్ పుటాకార దర్పణాలతో గాజు పాత్రలలోని ఉప్పునీటిని స్వేదనం చేశారని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మూషో 1869లో వ్రాశాడు. తరువాతి రచయితలు దీనికి 1551 అన్న సంవత్సరాన్ని కూడా జోడించారు. కాని మూషో వ్రాత శతాబ్దాల తరువాతిది. సమకాలీన సాక్ష్యంతో సమానంగా దానిని నిలపడం న్యాయం కాదు.

ఎడారిలో గాజు పందిరి

రూఢిగా తెలిసిన తొలి పెద్ద సౌర బట్టీ 1872 నాటిది. చిలీలోని లాస్ సాలినాస్ ఎడారిలో చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు నల్లరంగు పూసిన చెక్క తొట్లపై ఏటవాలుగా గాజు కప్పించాడు. అక్కడి సురేకారపు గనులలో పనిచేసే కంచర గాడిదలకు తాగునీరు లేదు. దొరికే నీరు సముద్రపు నీటికంటె ఉప్పన. సుమారు 4,500 చదరపు మీటర్ల ఆ బట్టీ రోజుకు 22,000 లీటర్లకు పైగా మంచినీటిని ఇచ్చింది. అది దాదాపు నలభై ఏళ్ళు పనిచేసింది. దానికి కట్టెలు అక్కరలేదు, బొగ్గు అక్కరలేదు.

కాని సూర్యుడు అస్తమిస్తాడు. పగటి వేడిని రాత్రికి దాచడమెలా అన్నదే తరువాతి పరిశోధకుల ముందున్న ప్రశ్న.

వేడిని దాచే ప్రయత్నాలు

మొదటి ఉపాయం నీటినే లోతుగా నింపడం. 1950 దశకం చివర అమెరికాలోని డేటోనా బీచ్‌లో లోతు తొట్లను పరీక్షించారు. అవి రాత్రి కూడా స్వేదనం సాగించాయి. అయితే లోతు పెరిగితే నీరు పగలు తగినంత వేడెక్కదు. రాత్రి దక్కినది పగటి నష్టంలో కలిసిపోతుంది. అందువల్ల తొట్టిలో నీటిని పలుచగా ఉంచి, అడుగున నల్లని కంకర, ఇసుక పరచి చూశారు.

మరొక మార్గం కరిగే పదార్థాలది. మంచు కరిగేటప్పుడు వేడిని లోపలికి తీసుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు నీరు ఆ వేడిని తిరిగి ఇస్తుంది. కొన్ని లవణాలు, మైనాలు ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద ఈ పనే చేస్తాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నావికుల కోసం తేలే సౌర బట్టీని రూపొందించిన మరియా టెల్కెస్, 1948లో మాసచుసెట్స్‌లోని డోవర్‌లో ఒక ఇంటిని గ్లాబర్ లవణంతో వెచ్చగా ఉంచే ప్రయత్నం చేసింది. ఆ లవణం 32 డిగ్రీల వద్ద కరుగుతుంది. కాని పదే పదే కరిగి గడ్డకట్టడంతో అది పొరలుగా విడిపోయింది. కొన్నేళ్ళకే ఆ ఏర్పాటు విఫలమైంది. బట్టీలకు ఇంకా ఎక్కువ వేడి వద్ద కరిగే పదార్థం కావాలి. అందుకే తరువాతి ప్రయోగాలలో పారఫిన్ మైనానికి ప్రాముఖ్యం వచ్చింది.

ఇక్కడ లెక్క చూడడం అవసరం. కిలో మైనం కరగడానికి సుమారు 200 కిలోజౌళ్ళు పడుతుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,300 కావాలి. అంటే పది కిలోల మైనం దాచిన వేడితో రాత్రికి లీటరు నీరైనా పూర్తిగా రాదు. పైగా మైనంలో వేడి నెమ్మదిగా ప్రవహిస్తుంది. దానిని సరిచేయడానికి లోహపు రేకులు, గ్రాఫైటు పొడి కలుపుతారు. ఆ ఖర్చు వేరు.

కాబట్టి దాచే పదార్థం కొత్త వేడిని సృష్టించదు. వృథాగా పోయే వేడిలో కొంత భాగాన్ని రాత్రికి మిగులుస్తుంది. రాత్రి బయటి గాలి చల్లబడడంతో గాజు కూడా చల్లబడి, ఆవిరి త్వరగా నీరవుతుంది. లాభమంతా ఇంతే.

1978లో గుజరాత్‌లోని అవానియా గ్రామంలో, భావనగర్ కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధనా సంస్థ 1,866 చదరపు మీటర్ల సౌర బట్టీని నెలకొల్పింది. దాని సామర్థ్యం రోజుకు 5,000 లీటర్లు. అంటే చదరపు మీటరుకు మూడు లీటర్లకు లోపే. ఉప్పునీటి బావి తప్ప మరో దిక్కులేని గ్రామంలో, ఈ మూడు లీటర్లను నాలుగు చేయగలిగినా అది కొందరి దాహం తీర్చే నీరే.

అల్ రాజీ పరికరాలను వర్ణించింది చదివినవారు తిరిగి చేసి చూడాలనే. ఉన్నదానిని ఉన్నట్లు కొలిచి, విఫలమైనదానిని విఫలమైందని వ్రాయడం ఆ సంప్రదాయం. పూర్వీకులు చేయని పనిని వారికి అంటగట్టినందువల్ల వారి గౌరవం పెరగదు. వారు నేర్పిన పద్ధతిలో ఈ చివరి లీటరు కోసం శ్రమిస్తేనే పెరుగుతుంది.