సర్పగంధ చెప్పిన సమాధానం

పాయింట్ కుక్‌లోని మన తెలుగు ఇళ్లలో రక్తపోటు ప్రస్తావన వస్తే రెండు వాదాలు వినిపిస్తాయి. వెల్లుల్లి, మెంతులు, మునగాకు ఉండగా మాత్రలెందుకని కొందరు పెద్దలు అంటారు. వంటింటి దినుసులతో రోగాలు నయమవుతాయా అని ఇక్కడ పెరిగిన పిల్లలు అడుగుతారు. ఈ వాదం కొత్తది కాదు. దానికి సమాధానం మన దేశపు మొక్క ఒకదాని చరిత్రలోనే ఉంది.

ఆ మొక్క సర్పగంధ. తెలుగునాట పాతాళగంధి అని కూడా అంటారు. దాని వేరును పూర్వం పాముకాటుకూ, మతిభ్రమకూ వాడేవారు. బీహారులో దానిని పిచ్చికి మందుగానే అమ్మేవారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఆ వేరు పొడి రక్తపోటును కూడా తగ్గిస్తుందని ప్రకటించారు. ఆనాటికి అధిక రక్తపోటుకు నమ్మదగిన మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులకు ఆ మందునిచ్చి, రక్తపోటును కొలిచి, ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరులోని ముఖ్యసారాన్ని విడదీసి, రెసర్పిన్ అని పేరు పెట్టారు. అది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. 1957లో వకీల్‌కు అమెరికాలో లాస్కర్ పురస్కారం లభించింది.

రెండు వైద్యాలనూ ఎరిగి పనిచేసిన సంప్రదాయం మన తెలుగువారికీ ఉంది. పాశ్చాత్య వైద్యం చదివిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదాన్ని చేపట్టి, మద్రాసు ఆయుర్వేద కళాశాలకు సారథ్యం వహించారు. ఆ కళాశాలలో బోధించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి, ఆధునిక ఔషధ పరిశోధనలో చిరకీర్తి పొందారు.

అయితే సర్పగంధ కథ విజయంతోనే ముగియలేదు. రెసర్పిన్ నరాల కొసలలో నిలువ ఉండే రసాయనాలను తగ్గించి రక్తనాళాలను సడలిస్తుంది. మెదడులోనూ అదే పని చేయడంతో కొందరు రోగులు తీవ్రమైన దిగులుకు లోనయ్యారు. పైగా వేరులోని సారం అన్ని మొక్కలలో ఒకే పాళ్లలో ఉండదు. నిన్నటి చెంచాడు పొడి, నేటి చెంచాడు పొడి ఒకే మోతాదు కావు. మేలైన మందులు రావడంతో రెసర్పిన్ క్రమంగా వెనుకబడింది. ఇక్కడ ఆస్ట్రేలియాలో సర్పగంధను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు.

కనుక “ఆకులూ వేళ్లూ ఏం చేస్తాయి?” అన్న చిన్నచూపు తగదు. “మొక్కే కదా, హాని ఏముంది?” అన్న ధీమా అంతకన్నా తగదు. పనిచేయగల మూలిక హాని కూడా చేయగలదు. దగ్గుకు మనం చప్పరించే అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పునూ, నీటినీ నిలిపి రక్తపోటును పెంచుతుంది. వెల్లుల్లి కొంత తగ్గిస్తుందని పరీక్షలు సూచించినా, అది మాత్రకు బదులు కాదు. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు వెల్లుల్లి గుళికలు వేసుకునే ముందు వైద్యుని అడగాలి.

మన పోపులపెట్టెను గౌరవిద్దాం. ఆవకాయలో ఉప్పు ఎంతో గమనిద్దాం. ఏ మూలిక వాడుతున్నా వైద్యునికి దాచకుండా చెబుదాం. అడగకుండా మాత్రలు మానవద్దని పెద్దలకు గుర్తుచేద్దాం. వకీల్ ఆ వేరును నమ్మి ఊరుకోలేదు, కాదని తోసివేయనూ లేదు, కొలిచి చూశారు. మన పిల్లలకు అందించవలసిన వారసత్వం అదే.