మాట వెనుక కథ: ఆదిమ

‘ఆది’ నుంచి పుట్టిన ‘ఆదిమ’కు సంస్కృతంలో మొదటిది అనే అర్థం. వెనుకబాటు ధ్వని ఇంగ్లీషు ‘ప్రిమిటివ్’కు సాటిగా వాడటం వల్ల వచ్చింది. ఆ మాట వెనుక ఉన్నది పరిణామవాదం: మానవశాస్త్రవేత్తలు టైలర్ 1871లో, మోర్గాన్ 1877లో మానవ సమాజాలన్నిటినీ ఒకే నిచ్చెన మీద నిలబెట్టారు. 1975లో మన ప్రభుత్వం ‘ఆదిమ గిరిజన సమూహాల’ను గుర్తించడానికి పెట్టుకున్న కొలతల్లో ‘వ్యవసాయానికి ముందునాటి సాంకేతికత’ ఒకటి. ఇది ఆ నిచ్చెన నీడే. ఒడిశా రాయగడ జిల్లా నియమగిరిలోని డోంగ్రియా కోంధులు ఆ సమూహాల జాబితాలో ఉన్నారు. కానీ వాళ్లు కొండవాలుల్లో చిరుధాన్యాలు, పసుపు, అనాస పండించి చాటికొన సంతలో అమ్మే రైతులు! గుతోబ్ గదబ తెగ సంగతి ఇంకా విడ్డూరం. కోరాపుట్‌లో వారు ఒడిశా జాబితాకెక్కలేదు, సరిహద్దు దాటితే ఆంధ్ర జాబితాలో ‘ఆదిమ’ తెగ. మెట్టు మనుషుల్లోనే ఉంటే చెక్‌పోస్టు దగ్గర ఎలా మారుతుంది?

ఆ ముద్ర వల్లే నిధులొస్తాయి కదా అనవచ్చు. 2006లో కేంద్రం ఆ మాట తీసేసి ‘దుర్బల’ అన్నా పథకాలు ఆగలేదు. మరి నిచ్చెన లేకుండా సమాజాన్ని చూడటమెలా? మానవశాస్త్రంలోనే మాలినోవ్‌స్కీ, రాడ్‌క్లిఫ్-బ్రౌన్‌ల ప్రకార్యవాదం (ఫంక్షనలిజం) మెట్టును పక్కనపెట్టి, ఆచారం ఇప్పుడు చేస్తున్న పనేమిటని అడిగింది. డోంగ్రియాలు కొలిచే నియమరాజు శిఖరాన చెట్టు నరకకూడదన్న కట్టుబాటు వాగుల్ని కాపాడుతుందని అది చెప్పగలదు. నిచ్చెన కన్నా మేలే, కాని సమాజాన్ని కుదురుగా ఉన్నదిగానే చూస్తుంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు జరిగిన 12 గ్రామసభలూ నియమగిరిలో బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించినప్పుడు, అదే కట్టుబాటు చట్టం గుర్తించిన హక్కుగా మాట్లాడింది. ఆ మార్పును వివరించాలంటే ప్రకార్యం చాలదు, చరిత్ర కావాలి.