విఠ్ఠల విహార్ నుంచి రాజ్‌భవన్ రోడ్డు దాకా

2023 మే నెలలో ప్రసార భారతి ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఇకమీదట ‘ఆలిండియా రేడియో’ అనక్కర్లేదు, ‘ఆకాశవాణి’ అంటే చాలు అన్నది దాని సారాంశం. ఢిల్లీ ఆ పేరును అధికారికంగా తనది చేసుకుని అప్పటికే అరవై ఏళ్లు దాటింది. పేరు మాత్రం పుట్టింది మైసూరులో, ఒక కాలేజీ మాస్టారి ఇంట్లో. ఈ సంగతి ఇప్పటికే చాలామంది చెప్పారు. ఎవరూ అంతగా ఆగి చూడనిది ఇంకొకటుంది. పేరుతోపాటు పనితీరు కూడా ఆ ఇంటి నుంచే వచ్చింది. ఊళ్లో ఉన్న కవిని, పక్కవీధి వైణికుణ్ణి, కాలేజీలో పాఠం చెప్పే పండితుణ్ణి పిలిచి మైకు ముందు కూర్చోబెట్టడం, వాళ్ల గొంతును ఊరందరి సొత్తుగా చూడడం బెంగళూరు రేడియోకు ఒక వారసత్వంగా వచ్చాయి. ఆ కేంద్రం చరిత్రను కేవలం ఒక ప్రభుత్వ శాఖ చరిత్రగా రాస్తే మొదటి అధ్యాయమే జారిపోతుందని నా వాదన.

మహారాజా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పిన ఎం.వి.గోపాలస్వామి లండన్‌లో స్పియర్‌మన్ దగ్గర చదువుకుని వచ్చారు. 1924లో మైసూరు విశ్వవిద్యాలయంలో ఆ శాఖ ఆయన చేతుల మీదుగానే మొదలైంది. 1935 సెప్టెంబరు 10న ఒంటికొప్పలులోని తన ఇల్లు విఠ్ఠల విహార్ నుంచి 30 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారం ప్రారంభించారు. 30 వాట్లంటే గదిలో వెలిగే ఒక చిన్న బల్బుకు పట్టే కరెంటు. తర్వాత 250 వాట్ల యంత్రం వచ్చింది. ఇంత చిన్న కేంద్రానికి జీతాలిచ్చి వాద్యబృందాన్ని పోషించే స్తోమత ఎక్కడిది? ఆయనకున్న బలమంతా ఇరుగుపొరుగే. అదేమంత తక్కువ బలం కాదు. ఒకవైపు ఆస్థాన విద్వాంసులున్న రాజధాని, మరోవైపు 1916లో పుట్టిన విశ్వవిద్యాలయం. మొదటి రోజు ప్రసారంలో కువెంపు తన కవిత చదివారని మైసూరు ఈనాటికీ చెప్పుకుంటుంది. అప్పటికాయన అదే కాలేజీలో కన్నడం చెప్పే యువ అధ్యాపకుడు. తర్వాతి కాలంలో జ్ఞానపీఠం అందుకున్న కవి రేడియోకు తొలినాళ్లలో కేవలం ఒక సహోద్యోగి అన్నమాట. ఆకాశవాణి స్వభావం నాకు ఇక్కడే తెలుస్తుంది. పేరు మోసినవాళ్ల కోసం వెతకకుండా, దగ్గరున్నవాళ్లలో యోగ్యత చూసి పిలిచింది. పేరు వాళ్లకు ఆ తర్వాత వచ్చింది.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. మనదేశంలో రేడియో మైసూరుతో మొదలు కాలేదు గదా అని. నిజమే. మద్రాసులో సి.వి.కృష్ణస్వామి చెట్టి పూనికతో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లోనే ప్రసారాలు చేసింది. అది మూతపడ్డాక 1930 నుంచి మద్రాసు కార్పొరేషన్ ఆ పని కొనసాగించింది. బొంబాయి, కలకత్తాల్లో 1927లో మొదలైన కంపెనీ మూడేళ్లకే దివాలా తీసింది. వీటిలో ఏదీ చిన్న ప్రయత్నం కాదు. కాని ముందు పుట్టినవి ఏవి, ఆ తర్వాత ఏర్పడిన సంస్థకు రూపమిచ్చినవి ఏవి అన్నవి వేర్వేరు ప్రశ్నలు. బ్రిటిష్ ప్రభుత్వం బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్‌ను పిలిపించింది 1935లో. ఢిల్లీ కేంద్రం మొదలైంది 1936 జనవరి 1న. సంస్థకు ‘ఆలిండియా రేడియో’ అన్న పేరు వచ్చింది అదే ఏడాది జూన్ 8న. అంటే ఢిల్లీ తొలి పలుకు పలికేనాటికి మైసూరు మాస్టారి రేడియోకు మూడున్నర నెలలు నిండాయి. ఢిల్లీ నుంచి నమూనా దిగిరావడానికి ముందే ఇక్కడ ఒక పద్ధతి నడుస్తోంది. రెండో అభ్యంతరం మరింత గట్టిది. 30 వాట్ల ప్రసారం ఎన్ని ఇళ్లకు చేరి ఉంటుంది? రేడియో పెట్టె కొనగలిగినవాళ్లు ఆ రోజుల్లో ఎందరు? కొద్దిమందే, ఒప్పుకుంటాను. అయితే నేను కొలుస్తున్నది విన్నవాళ్ల సంఖ్యను కాదు, నేర్చుకున్నవాళ్ల పనిని. సభలో పాడడం వేరు, కనిపించని శ్రోతకు గడియారం చూసుకుంటూ పాడడం వేరు. తరగతిలో గంటసేపు చెప్పేది పదిహేను నిమిషాల ప్రసంగంగా కుదించడం మరో విద్య. ఆ విద్యలో ఒక ఊరి పండితులు, గాయకులు తొలి పాఠాలు దిద్దుకున్నది ఆ ఇంట్లోనే.

పేరు సంగతి. దేవకి పెళ్లిరథం తోలుతున్న కంసుడికి వినిపించిన ఆకాశవాణి గురించి భాగవతం విన్న తెలుగువాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. ఆ పాతమాటను కొత్త యంత్రానికి తగిలించినవారు గోపాలస్వామే అని కొందరు, ఆయన సహాధ్యాపకుడు నా.కస్తూరి అని కొందరు అంటారు. టాగూర్ పెట్టారన్న మాట కూడా ప్రచారంలో ఉంది. కలకత్తా కేంద్రం కోసం ఆయన ఆ మాటతో కవిత రాసింది 1930ల చివర్లో కాబట్టి ఈ మూడో వాదం కాలానికి నిలవదు. మొదటి రెండింటి మధ్య తీర్పు చెప్పాల్సిన అవసరం నాకు కనిపించదు. ఇద్దరూ ఒకే కాలేజీవాళ్లు, ఒకే గుంపువాళ్లు. కస్తూరి కన్నడంలో హాస్య రచయితగా ప్రసిద్ధుడు. కొన్నాళ్లు బెంగళూరు ఆకాశవాణిలోనూ పనిచేసి, చివరకు పుట్టపర్తిలో స్థిరపడి, 1958లో మొదలైన ‘సనాతన సారథి’ పత్రికకు సంపాదకుడయ్యారు. అదే కాలేజీలో 1912 నుంచి 1949 దాకా తెలుగు చెప్పినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. అన్నమయ్య పదాలకు స్వరాలు కూర్చిన ఆ పండితుడు దాదాపు నాలుగు దశాబ్దాలు మైసూరు మనిషే. రేడియో పుట్టిన ఆవరణలో కన్నడం, తెలుగు, సంస్కృతం ఒకే వరండాలో నడిచాయని గుర్తుంచుకుంటే, ఆ తర్వాత బెంగళూరు ప్రసారాల్లో తెలుగు సాహిత్యం అంత సహజంగా ఎలా ఇమిడిందో అర్థమవుతుంది.

1940ల మొదట్లో కేంద్రం మైసూరు సంస్థానం చేతికి, 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియో చేతికి వెళ్లింది. అదే రోజున హైదరాబాదులో నిజాం నాటి దక్కన్ రేడియో కూడా చేతులు మారింది. 1955 నవంబరు 2న మైసూరు కేంద్రాన్ని బెంగళూరుకు తరలించారు. రాజ్‌భవన్ రోడ్డులోని కేంద్రం అలా వచ్చింది. ఆ మరుసటి ఏడాదే రేడియోలో ప్రొడ్యూసర్ల పథకం మొదలైంది. ఫైళ్లు చూసే అధికారులు కాకుండా రచయితలు, సంగీతజ్ఞులు స్వయంగా కార్యక్రమాలను తీర్చిదిద్దాలన్నది దాని ఉద్దేశం. హైదరాబాదులో దేవులపల్లి కృష్ణశాస్త్రి, దాశరథి రేడియోకు వచ్చారు. బెంగళూరులో వైణిక విద్వాంసుడు దొరెస్వామి అయ్యంగార్ సంగీతం చూశారు. దీన్ని ఢిల్లీ కనిపెట్టిన కొత్త ఆలోచనగా చెప్పుకోవడం మామూలు. నా కళ్లకు అది విఠ్ఠల విహార్ అలవాటుకు సర్కారు జీతం తోడవడంగా కనిపిస్తుంది. మన తెలుగు కేంద్రాల్లో పుట్టిన ‘నిలయ విద్వాంసుడు’ అన్న మాటలోనే ఆ భావం ఉంది. పిలిస్తే వచ్చి వెళ్లే అతిథిని కాక, ఆ గూటివాణ్ణే సూచిస్తుందా మాట.

అయితే ప్రభుత్వం లేకపోతే ఆ ఇంటి రేడియో ఎన్నాళ్లు బతికేది అని అడిగేవాళ్లకు నేను ఎదురు చెప్పలేను. ఒక వ్యక్తి ఓపిక మీద నడిచేది ఆ వ్యక్తితోనే ఆగిపోతుంది. గోపాలస్వామి 1957లో కన్నుమూశారు. ట్రాన్స్‌మిటర్లు, నెలజీతం, రికార్డింగులు దాచే గది, ఇవన్నీ సర్కారు ఇచ్చినవే. వాటి విలువను తగ్గించడం అన్యాయం. దానితోపాటు ఒక నష్టమూ వచ్చింది, అదీ చెప్పాలి. 1940లో ఢిల్లీ హార్మోనియంపై నిషేధం పెట్టింది. అది దశాబ్దాల పాటు సాగింది. పౌరాణిక నాటక పద్యానికి హార్మోనియమే ఊపిరి అయిన తెలుగునాట ఆ నిర్ణయం ఎంత గుండెకోతో ఊహించుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, వ్యక్తిగత జీవితం సరిలేదన్న పేరుతో కొన్ని కులాల గాయనీమణులకు మైకు దూరం చేశారు. ఆ గొంతుల్లో తరాల సంగీతం ఉంది. 1950ల్లో కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన ఆడిషన్లు, గ్రేడ్లు కొందరు పెద్ద విద్వాంసులను నొప్పించాయి. గ్రేడ్ల విషయంలో మాత్రం నాకు పూర్తి వ్యతిరేకత లేదు. ఎవరింటి చుట్టమో అన్నదానికి బదులు ఎలా పాడతారో చూడడం, సిఫారసు లేని పల్లెటూరి పిల్లకు తలుపు తీసింది. ఇరుగుపొరుగును నమ్ముకున్న రేడియోలో ఉన్న లోపం అదే. పొరుగున లేనివాళ్లు దానికి కనిపించరు. మాస్టారి పద్ధతికి నియమం అవసరమైంది, నియమానికి ఊరి చెవి అవసరమైంది.

ఆ చెవి తెలుగువాళ్లకు ఏమిచ్చిందో ఒక్క ఉదాహరణ చాలు. ఖమాస్ రాగంలోని ‘బ్రోచేవారెవరురా’ త్యాగరాజ కృతి అనుకునే తెలుగువాళ్లు ఇప్పటికీ ఎందరో. దాన్ని రచించినవారు మైసూరు వాసుదేవాచార్యులు, ఆ ఆస్థాన విద్వాంసుడు, 1961 దాకా జీవించినవారు. ఆయన కృతులు ఎక్కువగా తెలుగులో, సంస్కృతంలో ఉన్నాయి. కన్నడ కార్యక్రమాల కేంద్రంలో తెలుగు కృతి పాడితే పొరుగు భాష పాడామని ఎవరూ అనుకోరు. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన బాలాంత్రపు రజనీకాంతరావు విజయవాడలో భక్తిరంజనిని తీర్చిదిద్దిన మనిషి. తర్వాత ఆయన బెంగళూరు కేంద్రానికి డైరెక్టరుగానూ పనిచేశారు. వాగ్గేయకారుల చరిత్ర రాసిన తెలుగువాడు వాసుదేవాచార్యుల నేల మీది రేడియోను నడపడం నాకు ఎంతో సంతోషం కలిగించే సంగతి. 2004లో బెంగళూరుకు శాస్త్రీయ సంగీతం కోసమే 100.1 ఎఫ్‌ఎంలో అమృతవర్షిణి వచ్చింది. 2016 జనవరి 26న దేశమంతటికీ ‘రాగం’ ఛానెల్ మొదలైంది కూడా బెంగళూరు నుంచే. మధ్యతరంగాల మీద 612 కిలోహెర్ట్జ్ మాత్రం అప్పటిలాగే సరిహద్దు దాటి, హిందూపురం, మడకశిర ఇళ్లలోకి కన్నడ వార్తలను, వాటి వెనకే ఒక తెలుగు కృతిని మోసుకొస్తోంది.