పారిశ్రామిక శిక్షణ (కొత్తవలస ప్రాంతం)

వృత్తివిద్యా కోర్సులు చదివే విద్యార్థులు కర్మాగారంలోనో, వర్క్‌షాపులోనో, కార్యాలయంలోనో కొంతకాలం పనిచేస్తూ నేర్చుకొనే ఏర్పాటును '''పారిశ్రామిక శిక్షణ''' అంటారు. ఇది రెండు రకాలు. కోర్సు నడుస్తుండగానే పాఠ్యప్రణాళికలో భాగంగా ఇచ్చేది ఒకటి. కోర్సు పూర్తయిన తరువాత అప్రెంటిస్ చట్టం క్రింద ఒప్పందం కుదుర్చుకొని పొందేది రెండవది. విద్యార్థులు తరచుగా ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. కాని హక్కుల విషయంలో వీటి మధ్య తేడా చాలా పెద్దది.

== ప్రాంతం ==
కొత్తవలస విజయనగరం జిల్లాలోని ఒక మండల కేంద్రం. విశాఖపట్నం, విజయనగరం పట్టణాల నడుమ హౌరా - చెన్నై రైలు మార్గంపై ఉన్న జంక్షన్ ఇది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960లలో నిర్మించిన కిరండూల్ మార్గం ఇక్కడే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తయారీకి అవసరమైన ఫెర్రో క్రోమ్ కోసం జిందాల్ సంస్థ ఇక్కడ ఒక కర్మాగారాన్ని నెలకొల్పింది. ఇదే జిల్లాలోని గరివిడిలో ఫెర్రో మిశ్రమలోహాల పరిశ్రమ అంతకంటే పాతది.

ఫెర్రో మిశ్రమలోహాల కొలిమి విద్యుత్తుతో నడుస్తుంది. అందువల్ల ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ వంటి పనులు నేర్చుకొనేవారికి అక్కడ చూడదగినది ఎంతో ఉంటుంది. అయితే విద్యుత్ ఛార్జీలు పెరిగి కొలిమి ఆగితే శిక్షణ కూడా ఆగుతుంది. ఈ ఇబ్బంది వల్లనే ఇక్కడి విద్యార్థులు ఎక్కువగా విశాఖపట్నం వైపు చూస్తారు. అక్కడ ఉక్కు కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డు, రైల్వే డివిజన్ ఉన్నాయి. నేవల్ డాక్‌యార్డులో అప్రెంటిస్‌ల కోసం ప్రత్యేకంగా ఒక పాఠశాలే ఉంది.

== చదువులో భాగంగా ==
ఇంటర్మీడియట్ వృత్తివిద్యా కోర్సులలో ఉద్యోగస్థల శిక్షణ ఒక భాగం. పాలిటెక్నిక్ డిప్లొమాలో ఒక సెమిస్టరు పాటు, అనగా సుమారు ఆరు నెలలు, పరిశ్రమలో గడపాలి. విజయనగరంలోని ఎం.ఆర్.ఎ.జి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్, విశాఖ కంచరపాలెంలోని ప్రభుత్వ పాలిటెక్నిక్ ఈ ప్రాంతపు విద్యార్థులకు దగ్గరివి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరం నుండి సాధారణ డిగ్రీ కోర్సులలో సైతం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను ప్రవేశపెట్టారు. దానితో అవే కర్మాగారాల గేట్ల వద్ద నిలబడే విద్యార్థుల సంఖ్య పెరిగింది.

== చట్టం ==
అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. మొదట ఇది ఐ.టి.ఐ. తరహా ట్రేడులకే పరిమితం. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమాదారులు, 1986 సవరణతో ఇంటర్ వృత్తివిద్య పూర్తిచేసినవారు దీని పరిధిలోకి వచ్చారు. దక్షిణాది రాష్ట్రాలలో ఈ మూడు తరగతులవారి శిక్షణను చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణా మండలి పర్యవేక్షిస్తుంది.

2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పక తీసుకోవాలి. లెక్కలో కాంట్రాక్టు కార్మికులు కూడా చేరుతారు. ఉదాహరణకు 200 మంది ఉన్న కర్మాగారం కనీసం ఐదుగురిని తీసుకోవాలి. కనీస భృతిని ఈ నియమాలు విద్యార్హతను బట్టి నెలకు 5,000 నుండి 9,000 రూపాయల వరకు నిర్ణయించాయి. పట్టభద్రులు, డిప్లొమాదారులు, ఇంటర్ వృత్తివిద్యార్థుల కనీస భృతిలో సగాన్ని కేంద్రం భరించే పద్ధతి ఉంది. ఐ.టి.ఐ. వారి కోసం 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం నాలుగవ వంతును, గరిష్ఠంగా 1,500 రూపాయలను భరించింది.

చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణ పొందేవాడు మాత్రమే. కార్మిక చట్టాలు సాధారణంగా అతనికి వర్తించవు. కాని ఆరోగ్యం, భద్రత, సంక్షేమాలకు సంబంధించిన నిబంధనలు, ప్రమాదంలో గాయపడితే నష్టపరిహారం వర్తిస్తాయి. ప్రమాదకరమైన పరిశ్రమలలో చేరడానికి 18 ఏళ్ళు నిండాలి. ఇవన్నీ ఒప్పందం నమోదు కావడంపై ఆధారపడి ఉంటాయి. కేవలం కళాశాల ఇచ్చిన ఉత్తరం పట్టుకొని వెళ్ళిన విద్యార్థికి అప్రెంటిస్ చట్టం ఇచ్చే భృతి గాని, ఈ రక్షణ గాని దక్కవు. కొలిమి దగ్గర నిలబడేవాడికి ఇది చిన్న విషయం కాదు.

== ఉద్యోగం సంగతి ==
శిక్షణ ఇచ్చినంత మాత్రాన యజమాని ఉద్యోగం ఇవ్వాలని చట్టంలో లేదు. అయితే ఉత్తర ప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో 1995లో సుప్రీం కోర్టు, మిగిలిన అర్హతలు సమానంగా ఉన్నప్పుడు శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని, వారు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి ద్వారా రానక్కరలేదని చెప్పింది. 2014 సవరణ, అప్రెంటిస్‌ల నియామకంపై ప్రతి యజమానీ తన విధానాన్ని రూపొందించుకోవాలని నిర్దేశించింది. అదే సవరణ, చట్టాన్ని ఉల్లంఘించిన యజమానికి అంతకుముందు ఉన్న జైలుశిక్షను తొలగించి జరిమానా మాత్రం మిగిల్చింది. రైల్వేలు తమ వద్ద శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిస్‌లకు లెవెల్-1 నియామకాలలో 20 శాతం కేటాయించాయి. రైల్వే జంక్షన్ అయిన కొత్తవలస యువకులకు మిగిలిన అన్నిటికంటే ఇదే ఎక్కువ ఆకర్షణ.