ఆహారపదార్థాల ప్లాస్టిక్ ప్యాకింగుల రీసైక్లింగ్

ఆహారపదార్థాల ప్లాస్టిక్ ప్యాకింగుల రీసైక్లింగ్ (పునశ్చక్రీకరణ) అనగా పాలు, నూనె, చిరుతిళ్ళు మొదలైనవి నింపి అమ్మిన ప్లాస్టిక్ సంచులను, సీసాలను, డబ్బాలను వాడకం ముగిసిన తరువాత సేకరించి, శుభ్రపరచి, కరిగించి తిరిగి ముడిసరుకుగా మార్చడం. ఆహారాన్ని చెడిపోకుండా కాపాడే పలుచని పొరలే అనేక ప్యాకింగుల రీసైక్లింగుకు ప్రధాన ఆటంకం. కోనసీమలోని ఐ.పోలవరం వంటి డెల్టా గ్రామాలలో రవాణా ఖర్చు, కాలువల కాలుష్యం కూడా ఈ సమస్యకు తోడవుతాయి.

రకాలు

ప్లాస్టిక్కు రకాన్ని తెలిపే 1 నుండి 7 వరకు గల త్రికోణపు గుర్తులను 1988లో అమెరికాలో ప్రవేశపెట్టారు. ఇళ్ళలో సాధారణంగా కనిపించేవి:

* పెట్ (1): నీళ్ళ సీసాలు, శీతలపానీయాల సీసాలు. వీటికి గిరాకీ ఎక్కువ.
* తక్కువ సాంద్రత పాలిథీన్ (4): పాల ప్యాకెట్లు. కడిగి ఆరబెట్టినవాటిని పాతసామాన్లవారు కొంటారు.
* పాలిప్రొపిలీన్ (5): హోటళ్ళ పార్సిలు డబ్బాలు.
* ఇతరములు (7): చిప్స్, మసాలా, కాఫీపొడి వంటి బహుళ పొరల ప్యాకెట్లు. వీటిని కొనేవారు అరుదు.

ఇబ్బందులు

చిప్స్ సంచి లోపలి వెండిరంగు పూత ఒక మైక్రానుకంటె ఎంతో పలుచనైన అల్యూమినియం. ఇది గాలిని, తేమను, వెలుతురును అడ్డుకొంటుంది. కాఫీపొడి పొట్లాలలో పాలియెస్టరు, అల్యూమినియం రేకు, పాలిథీన్ పొరలను అతికిస్తారు. అతికిన పొరలను తిరిగి విడదీయడం కష్టం. పాలిథీన్ సుమారు 110 డిగ్రీల సెల్సియస్ వద్ద, పెట్ సుమారు 250 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఇవి ఒకదానిలో ఒకటి కలియవు కాబట్టి కలిపి కరిగిస్తే వచ్చే సరుకు పెళుసుగా ఉంటుంది.

నూనె జిడ్డు, ఊరగాయ మరకలు, ముద్రణ రంగులు కూడా నాణ్యతను తగ్గిస్తాయి. పైగా చిన్న చిప్స్ సంచి బరువు కొద్ది గ్రాములే. ఒక కిలో పోగుచేయాలంటే కొన్ని వందల సంచులు ఏరాలి. అందుచేత చెత్త ఏరేవారు సీసాలను తీసుకొని సంచులను వదిలివేస్తారు. పాల ప్యాకెట్టు మూలను పూర్తిగా కత్తిరిస్తే ఆ చిన్న ముక్క ఎవరికీ చిక్కదు.

ఐ.పోలవరంలో సమస్య

ఐ.పోలవరం డా.బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా ఏర్పడేవరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఈ మండలంలోని ఎదుర్లంకకు గౌతమీ పాయ ఆవలి ఒడ్డున యానాం ఉన్నది. డెల్టాలో వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువుల మధ్య చెత్త వేయడానికి ఖాళీస్థలం తక్కువ. భూగర్భజలం పైపైనే ఉంటుంది కనుక పూడ్చిపెట్టడం క్షేమం కాదు. మురుగుకాలువలో పడిన సంచులు తూములకు అడ్డుపడితే వర్షాకాలంలో చేలు ముంపుకు గురవుతాయి. కాలువలనుండి నదిలోనికి చేరినవి దిగువకు కొట్టుకొనిపోతాయి. అక్కడ 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యపు మడ అడవులున్నాయి. మడచెట్ల ఊపిరివేళ్ళకు ప్లాస్టిక్ సంచులు సులభంగా చుట్టుకొంటాయి.

చట్టాలు

2016 మార్చి 18న వెలువడిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు గ్రామ పంచాయతీలపై కూడా సేకరణ బాధ్యతను ఉంచాయి. ప్లాస్టిక్కును ఆరుబయట తగులబెట్టకుండా చూడవలసినదీ పంచాయతీయే. 2022 జూలై 1నుండి అమలైన నిషేధం స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు వంటివాటికి వర్తిస్తుంది కాని చిరుతిళ్ళ ప్యాకెట్లకు వర్తించదు. వీటి బాధ్యతను 2022 ఫిబ్రవరి 16నాటి మార్గదర్శకాలు ఉత్పత్తిదారులకు అప్పగించాయి. వాటి ప్రకారం బహుళ పొరల ప్యాకింగులకు రీసైక్లింగ్ లక్ష్యం 2024-25లో 30 శాతం, 2027-28నుండి 60 శాతం.

ప్రత్యామ్నాయాలు

రీసైకిలు కాని ప్లాస్టిక్కును సిమెంటు బట్టీలలో ఇంధనంగా, తారురోడ్లలో కొంతభాగంగా వాడతారు. అయితే ఈ పద్ధతులలో ప్యాకెట్టు తిరిగి ప్యాకెట్టుగా మారదు. ఒకే రకం ప్లాస్టిక్కుతో ప్యాకెట్టు తయారుచేయడం మెరుగైన మార్గం. ఇళ్ళలో పాల ప్యాకెట్లను మూల తెగిపోకుండా కోసి, కడిగి, ఆరబెట్టి, తడిచెత్తనుండి వేరుగా ఉంచితే వాటికి కొనుగోలుదారు దొరికే అవకాశం పెరుగుతుంది.

ఇవి కూడా చూడండి

* ప్లాస్టిక్
* కోరంగి అభయారణ్యం
* కోనసీమ